ఆదిమ క్రైస్తవ చరిత్రపై మన విద్యార్థుల సదస్సు
(ప్లాటినం జూబిలీ సంవత్సరంలో జరిగిన విద్యార్థి సదస్సు ముగింపు సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)

 

ముగింపు ప్రసంగం క్లుప్తంగా ఉండాలని కార్యక్రమ పత్రంలో వ్రాయించినదాన్ని నేనే. అయినా కొంచెం సమయం తీసుకోక తప్పడం లేదు. గత మూడు నెలలుగా ఈ సదస్సును గురించి చాలామంది నన్నొక ప్రశ్న అడిగారు. "జూబిలీ సంవత్సరంలో పిల్లల చేత సదస్సు జరిపించదలచుకుంటే విషయాలకు కరువా? శ్రీకృష్ణదేవరాయలు లేడా, కెంపేగౌడ లేడా, మన వర్తూరు చెరువు లేదా? ఎక్కడో రోమ్ సామ్రాజ్యంలో రెండు వేల ఏళ్ల క్రితం పుట్టిన మతం సంగతి మన తెలుగు బడి పిల్లలకు ఎందుకు?" అని. గేటు దగ్గర నిలబెట్టి అడిగినవారికి ఒక వాక్యంలో జవాబు చెప్పి పంపించాను. సభలో అడిగినట్లు భావించి ఇప్పుడు విపులంగా మనవి చేస్తాను.

ఈ విషయాన్ని మేము ఎన్నుకోలేదు. అది తరగతి గదిలోంచి వచ్చింది. సాంఘిక శాస్త్ర పాఠంలో క్రైస్తవ మతావిర్భావం గురించి ఉన్నవి కొద్ది పుటలే. ఆ పుటలు చదువుతుండగా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు లేచి, "టీచర్, యేసు కాలంలో మన బెంగళూరులో మనుషులున్నారా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మా సాంఘిక శాస్త్రోపాధ్యాయిని మాత్రం నవ్వలేదు. మరునాడు ఆమె చెప్పిన సమాధానం ఈ సదస్సుకు బీజం.

ఉన్నారు. అంతేకాదు, వారి చేతుల్లో రోమ్ నాణేలు కూడా మెదిలాయి. 1891లో యశ్వంతపురం వద్ద, 1965లో హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయ ప్రాంతంలో రోమన్ వెండి నాణేలు రాశిగా బయటపడ్డాయి. హెచ్.ఎ.ఎల్. మనకు ఎంత దూరం? పది పన్నెండు కిలోమీటర్లు. ఆ నాణేలలో అగస్టస్ చక్రవర్తివి ఉన్నాయి, ఆయన తరువాత క్రీ.శ. 14 నుండి 37 వరకు పాలించిన తిబెరియస్ చక్రవర్తివీ ఉన్నాయి. తెలుగు బైబిలులో తిబెరి కైసరు అని కనిపించేది ఈయనే. యేసుకు సిలువ శిక్ష పడింది ఈయన ఏలుబడిలోనే. పన్ను కట్టడం న్యాయమా అని తనను ఇరకాటంలో పెట్టబోయినవారిని యేసు ఒక దేనారము చూపమని, దానిమీద ఉన్న రూపం ఎవరిదని అడిగిన ఘట్టం సువార్తలలో ఉన్నది. ఆ నాణెం తిబెరియస్‌దే అయివుంటుందని చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. అటువంటి దేనారములే ఇక్కడ, మన మారతహళ్ళి అవతల, మట్టిలో శతాబ్దాల తరబడి పడి ఉన్నాయి.

ఈ మాట విన్న పిల్లలు ఎంత ఉద్రేకపడ్డారో మీరు ఊహించుకోవచ్చు. అంతలోనే ఒకడు, "అయితే క్రైస్తవులు అప్పుడే బెంగళూరు వచ్చేశారన్నమాట!" అని తీర్పు చెప్పేశాడు. వెనుక బెంచీలో ఉన్న అమ్మాయి ఊరుకోలేదు. "నాణెం వస్తే నాణేన్ని ముద్రించిన రాజు మతం కూడా వస్తుందా? మా నాన్న పర్సులో దుబాయి డబ్బు ఉంది, మేము అరబ్బులం అయ్యామా?" అన్నది. ఉపాధ్యాయిని ఆ వాదాన్ని అక్కడితో ఆపకుండా నల్లబల్ల మీద వ్రాయించారు. తిబెరియస్ క్రైస్తవుడు కాడు. ఆయన నాణెం ఇక్కడ దొరకడం వల్ల తెలిసేది వ్యాపారం. మన దేశపు మిరియాలకు, బట్టలకు, రత్నాలకు రోమ్ వెండి బంగారాలు చెల్లించేది. పైగా నాణెం ముద్రించిన సంవత్సరం వేరు, అది మట్టిలో చేరిన సంవత్సరం వేరు. ఆ రెంటికీ మధ్య ఎన్ని తరాలైనా గడచి ఉండవచ్చు.

ఒక వస్తువు ఎంత చెబుతుంది, అది చెప్పనిదాన్ని మనం దానిచేత ఎలా చెప్పిస్తున్నాము అన్న ఈ చర్చ రెండు పీరియడ్లు సాగింది. ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పాను. అశోకుడు చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను అని వల్లె వేయించాను, ఆ జవాబుకు మార్కులూ వేశాను. కాని పిల్లలు తమంతట తాము సాక్ష్యాన్ని తూచడం చూడటం అరుదు. ఆదిమ క్రైస్తవ చరిత్ర అందుకు ఎంతో అనువైన క్షేత్రం. అందులో శాసనాలు, నాణేలు, ఉత్తరాలు, ఇటుకల గోడలు, పవిత్ర గ్రంథాలు, అవ్వలు చెప్పిన కథలు అన్నీ కలగలసి ఉన్నాయి. దేనిని ఎంత నమ్మాలో ప్రతి అడుగులోనూ తేల్చుకోవలసి వస్తుంది.

అందుచేత సదస్సుకు ఒకే ఒక నియమం పెట్టాము. పత్రంలోని ప్రతి వాక్యం మూడు జాతులలో ఏదో ఒకదానికి చెందాలి. 'దొరికింది' ఒకటి. 'వ్రాశారు' రెండవది. మూడవది 'అట'.

తెలుగు మాధ్యమంలో చదవడం వల్ల ఏమి లాభమని అడిగేవారు ఈ 'అట'ను కొంచెం గమనించాలి. "వచ్చాడు" అంటే నేను చూశాను, లేదా నాకు నిశ్చయంగా తెలుసు. "వచ్చాడట" అంటే నేను విన్నాను. ఒక్క అక్షరద్వయంతో మాట్లాడేవాడు తన బాధ్యత ఎంతవరకో తేల్చి చెబుతున్నాడు. కన్నడంలో 'బందనంతె' అన్నా ఇదే పని జరుగుతుంది. మన పిల్లలు ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి ఈ రెండూ వాడుతూనే పెరుగుతారు. ఇంగ్లీషులో ఇదే భావానికి ఒక చిన్న వాక్యమే చేర్చవలసి వస్తుంది. వ్యాకరణమే చరిత్ర పాఠంలో సగం చెప్పి పెట్టిన భాష మనది. ఇది నా పక్షపాతమే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడే చిక్కు వచ్చింది.

తోమా పత్రం తీసుకున్న అమ్మాయిది క్రైస్తవ కుటుంబం. కోలారు వైపు నుండి వచ్చి స్థిరపడినవారు. ఏటా మైలాపూరు వెళ్లి తోమా సమాధిని దర్శించి వచ్చేవారు. ఆ తల్లి నా గదికి వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, "మేడమ్, మా అత్తగారు రోజూ రాత్రి చెప్పే మాట ఇది. తోమా మన దేశం వచ్చాడు, మన కోసం ప్రాణమిచ్చాడు అని. ఇప్పుడు మీరు మా పాప నోటితో 'వచ్చాడట' అని అందరి ముందూ అనిపిస్తారా?" అన్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ సంగతి ఆమె అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను.

అదే వారంలో మరొక తండ్రి వచ్చారు. చెరువు కట్ట దిగువన వారి ఇల్లు. మూడు తరాలుగా ఈ పాఠశాలలో చదివిన కుటుంబం. "మేడమ్ గారూ, మీరంటే మాకు గౌరవం. కాని మతం విషయం బళ్లో ఎందుకండీ? రేపు మావాడు చర్చికి పోతానంటే మేమేమి చేసుకోవాలి?" అన్నారు. ఇద్దరు పిల్లల పేర్లు సదస్సు జాబితా నుండి వెనక్కు తీసుకున్నారు. పేరు లేని ఉత్తరం కూడా ఒకటి కార్యాలయానికి చేరింది. దాని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఒకరి భయం పిల్ల నమ్మకం పోతుందని. మరొకరి భయం పిల్లవాడికి కొత్త నమ్మకం వస్తుందని. రెండూ తేలికగా తోసివేయదగినవి కావు. ఉపాధ్యాయుని కంఠస్వరానికి పిల్లల మీద ఎంత ప్రభావం ఉంటుందో తెలిసినవాళ్లం మేము. అందువల్ల కొన్ని ఏర్పాట్లు చేశాము. సదస్సులో ప్రార్థన ఉండదు. ఏ మతసంస్థ నుండీ వక్తలు ఉండరు. ఏ మతాన్నీ పొగడటం గాని దూషించడం గాని పత్రంలో కనబడితే దానిని వెనక్కు పంపిస్తాము. ఆ తండ్రిగారితో ఇంకొక మాట కూడా అన్నాను. "అమరావతి స్తూపం గురించి, నాగార్జునకొండ గురించి ముప్పై ఏళ్లుగా చెబుతున్నానండీ, ఇంతవరకు నా తరగతిలో ఎవరూ కాషాయం కట్టలేదు." ఆయన నవ్వారు. అనుమానం పూర్తిగా తీరిందని చెప్పను గాని, ఈ రోజు ఉదయం నుండి సభలోనే ఉన్నారు.

ఆ తల్లికి మాత్రం హాస్యం సమాధానం కాదు. ఆమెను కూర్చోబెట్టి, "మీ పూర్వులు ఇక్కడికి ఎక్కడి నుండి వచ్చారమ్మా?" అని అడిగాను. "మా మామగారి తాత చిత్తూరు నుండి వచ్చాడట" అన్నారు. "ఆ 'అట'లో మీకేమైనా సందేహం ఉందా?" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, లేదన్నారు. 'అట' అనడం కాదనడం కాదు, నమ్మవద్దనడం అసలే కాదు. ఈ మాట నాకు పెద్దల ద్వారా అందింది, నేను కంటితో చూడలేదు అని చెప్పే నిజాయితీ మాత్రమే. ఇక్కడున్న తెలుగు కుటుంబాలలో ఏదో ఒక వలస కథ 'అట'తో ముగియని ఇల్లు ఎన్ని ఉంటాయి?

ఇక తోమా విషయంలో పిల్లలు ఏమి తేల్చారో వినండి. 'తోమా కార్యములు' అనే సిరియాక్ గ్రంథం మూడవ శతాబ్దంలో వెలువడింది. అంటే తోమా కాలానికి సుమారు నూట యాభై ఏళ్ల తరువాతిది. తోమా హిందూదేశపు రాజు గుందఫరుని కొలువుకు వచ్చి, రాజభవనం కట్టడానికి ఇచ్చిన ధనాన్ని పేదలకు పంచిపెట్టిన కథ అందులో ఉన్నది. ఈ రాజు కల్పితుడే అని చాలాకాలం పండితులు భావించారు. పందొమ్మిదవ శతాబ్దంలో వాయవ్య భారత, ఆఫ్ఘనిస్తాన ప్రాంతాలలో గొండోఫారెస్ అనే రాజు నాణేలు దొరికాయి, తరువాత తఖ్త్-ఇ-బాహీ శాసనం వెలుగులోకి వచ్చింది. ఆ రాజు నిజమేనని, మొదటి శతాబ్దం వాడేనని తేలింది. మా అమ్మాయి పత్రంలో ఇక్కడ వ్రాసిన వాక్యం నాకు నచ్చింది. నాణెం రాజును ఋజువు చేసింది గాని, ఆయన కొలువుకు తోమా రావడాన్ని ఋజువు చేయలేదు అని. పైగా గొండోఫారెస్ రాజ్యం ఉన్నది వాయవ్యంలో. క్రీ.శ. 52లో తోమా కొడుంగల్లూరు వద్ద దిగాడని, మైలాపూరులో ప్రాణాలర్పించాడని చెప్పే కేరళ సంప్రదాయం వేరొక దారిన వచ్చింది. మిరియాల కోసం ప్రతి ఏటా ఋతుపవనాల వెంట ఓడలు వచ్చే రేవు అది. కనుక రావడం అసాధ్యమేమీ కాదు. కాని సాధ్యం కావడం, జరగడం రెండూ ఒకటి కావు.

దక్షిణదేశంలో క్రైస్తవులు ఉన్నట్లు స్పష్టంగా వ్రాసినవాడు ఆరవ శతాబ్దపు కాస్మాస్ అనే వర్తకుడు. మిరియాలు పండే మలె దేశంలోనూ సింహళంలోనూ సంఘాలున్నాయని, కల్యాణలో పారశీకం నుండి నియమితుడైన బిషప్పు ఉన్నాడని ఆయన గ్రంథస్థం చేశాడు. మైలాపూరు దగ్గరి పరంగిమలై మీద పోర్చుగీసువారికి 1547లో దొరికిన శిలువ చుట్టూ ఉన్నది పహ్లవీ లిపి, అంటే పాత పారశీక లిపి. దానిని పండితులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చదివారు. నేటి చెన్నై దగ్గర రాతి మీద పారశీక లిపి ఏమిటని ఎనిమిదో తరగతి పిల్లలు చాలాసేపు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం సమంజసమే. ఆదిమ క్రైస్తవం అనగానే మనకు రోమ్, యూరోపు స్ఫురిస్తాయి. ఈ మతానికి తూర్పుదారి కూడా ఉన్నదని, అది సిరియా, పారశీకాల మీదుగా మన తీరానికి వచ్చిందని ఆ శిలువ చెబుతుంది.

నాకు అన్నింటికంటె ఎక్కువ నచ్చినది కొల్లం తామ్రశాసన పత్రం. క్రీ.శ. 849లో, చేర రాజు స్థాణురవి కాలంలో, వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ కొల్లంలోని ఒక చర్చికి దానధర్మాలు, హక్కులు ఇస్తూ వ్రాయించిన రాగి రేకులు అవి. నేటికీ కేరళలో భద్రంగా ఉన్నాయి. ఆ చివరి రేకు మీద సాక్షుల సంతకాలు ఉన్నాయి. కొన్ని అరబ్బీ లిపిలో, కొన్ని పహ్లవీలో, కొన్ని హీబ్రూ లిపిలో. అంటే ఒక హిందూ పాలకుడు క్రైస్తవుల దేవాలయానికి ఇచ్చిన దానానికి ముస్లిములు, పారశీకులు, యూదులు సాక్షి సంతకాలు చేశారు. పదో తరగతి విద్యార్థిని ఈ రేకుల మీద పత్రం చదువుతుండగా మన సభలో సూది పడితే వినిపించేటంత నిశ్శబ్దం. దీనిమీద నేను వ్యాఖ్యానం చేయబోను. ఇది 'దొరికింది' జాతికి చెందిన వాక్యం. అంతే.

ఇప్పుడు ఆ పేరు లేని ఉత్తరం సంగతి. క్రీ.శ. 112 ప్రాంతంలో బిథీనియా అనే రాష్ట్రానికి, అంటే నేటి తుర్కీ ఉత్తర భాగానికి, ప్లినీ అనే రోమన్ అధికారి గవర్నరుగా ఉన్నాడు. క్రైస్తవుల మీద ఫిర్యాదులు వస్తుంటే ఏమి చేయాలో తోచక ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం వ్రాశాడు. క్రైస్తవులు కాని వారు క్రైస్తవుల గురించి వ్రాసిన మొదటి వివరాలలో అది ఒకటి. వారు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవునిగా కీర్తిస్తూ పాడుకుంటారని, దొంగతనం చేయమని, నమ్మిచ్చినదాన్ని ఎగవేయమని ప్రమాణం చేసుకుంటారని అందులో ఉన్నది. ఆ అధికారికి పేర్లతో కూడిన పెద్ద జాబితా ఒకటి అందింది, దానిమీద వ్రాసినవాడి సంతకం లేదు. ట్రాజన్ ఇచ్చిన జవాబులో క్రైస్తవులను వెదకి పట్టుకోవద్దన్నాడు. పేరు లేని ఫిర్యాదులను ఏ కేసులోనూ స్వీకరించవద్దని, అది తమ కాలానికి తగని పని అని అన్నాడు. నేరం ఋజువైతే శిక్ష మాత్రం తప్పదన్నాడు గనుక ఆయనను మరీ దయామయుణ్ణి చేయనక్కరలేదు. కాని ఆకాశరామన్న ఉత్తరాల విషయంలో ఆ చక్రవర్తి పాటించిన పద్ధతినే మన కార్యాలయమూ పాటించింది. ఆ ఉత్తరం వ్రాసినవారు ఈ సభలో ఉంటే, తదుపరి ఉత్తరంలో దయచేసి సంతకం పెట్టండి, తప్పక జవాబిస్తాను.

అదే ప్లినీ ఉత్తరంలో మరొక సంగతి మా పిల్లలను వదలలేదు. నిజం రాబట్టడానికి అతడు ఇద్దరు బానిస స్త్రీలను హింసించి ప్రశ్నించానని వ్రాసుకున్నాడు. వారు తమ సంఘంలో 'పరిచారికలు' అనే హోదాలో ఉన్నవారట. చూశారా, ఇక్కడ నేనే 'అట' అన్నాను. అది వారి మాట కాదు, హింసించినవాడి మాట. "వారి పేర్లేమిటి?" అని ప్రశ్నోత్తరాలలో ఒక పాప అడిగింది. ప్లినీ వ్రాయలేదు. పత్రం చదివిన అబ్బాయి "వ్రాయలేదు" అని చెప్పి కూర్చున్నాడు. ఆ పాప కూర్చోలేదు. చాలాసేపు అలాగే నిలబడింది.

మరొక పత్రం దురా యూరోపోస్ గురించి. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున ఉన్న ఆ కోట పట్టణంలో మూడవ శతాబ్దంలో ఒక మామూలు ఇంటినే ప్రార్థనా మందిరంగా మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ తీసివేసి హాలు చేసుకున్నారు, ఒక చిన్న గదిలో జ్ఞానస్నానపు తొట్టి కట్టి గోడల మీద బొమ్మలు వేసుకున్నారు. పారశీకుల ముట్టడి నుండి కాపాడుకోవడానికి సైనికులు కోటగోడ ప్రక్కనున్న ఇళ్లన్నీ మట్టితో పూడ్చేశారు. క్రీ.శ. 256లో పట్టణం ఎలాగూ పడిపోయింది. పూడ్చిన ఇల్లు మాత్రం మిగిలిపోయి ఇరవయ్యవ శతాబ్దంలో త్రవ్వకాలలో బయటపడింది. అదే గోడ వెంట యూదుల మందిరం, మిత్రుడనే దేవుని గుడి కూడా ఉన్నాయి. మన వీధులకు ఇది వింత కాదు. చర్చి అనగానే మన పిల్లలకు తెలిసినది ప్రక్కనున్న వైట్‌ఫీల్డు చర్చి, అదీ పందొమ్మిదవ శతాబ్దపు చివరిది. తొలి మూడు శతాబ్దాలలో చర్చి అంటే చాలాచోట్ల ఎవరో ఒకరి ఇల్లు.

ఎవరో ఒకరి ఇల్లు అనగానే మన పాఠశాల గుర్తుకు రాక మానదు. ఒక దాతగారి ఇంటి వసారాలో పట్టుమని పదిమంది పిల్లలతో 75 ఏళ్ల క్రితం మన బడి ప్రారంభమైందని ప్రతి వార్షికోత్సవంలోనూ చెప్పుకుంటాము. అయితే కార్యాలయంలో ఉన్న హాజరు పట్టీలు రెండవ సంవత్సరం నుండే ఉన్నాయి. వసారా కాదు, చింతచెట్టు క్రింద అని వాదించే పెద్దలు ఈ ముందు వరుసలోనే ఇద్దరున్నారు. వారు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. మొదటి సంవత్సరం విషయంలో మనమూ "వసారాలో మొదలైందట" అనవలసినవాళ్లమే. అలా అన్నందువల్ల ఆ దాతగారి మీద మన కృతజ్ఞతలో వీసమంతైనా తగ్గిందా?

తెలుగుదేశం సంగతి కూడా ఒక పత్రంలో వచ్చింది. తోమా మైలాపూరు నుండి ఉత్తరంగా నెల్లూరు, గుంటూరు వైపు వచ్చి ఉండకూడదా అని ఒక విద్యార్థి ఉత్సాహపడ్డాడు. ఆంధ్రదేశంలోనూ రోమన్ నాణేలు దొరికాయి గదా అన్నాడు. మనం ఇంతకు ముందు అనుకున్న సమాధానమే అతనికి తోటివారు చెప్పారు. తెలుగువారిలో క్రైస్తవ సంఘాలకు నిలకడైన చరిత్ర పద్ధెనిమిదవ శతాబ్దం నుండే కనిపిస్తుంది. దానికి మనవైపు నుండి ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉన్నది. మద్రాసులో పనిచేసి జర్మనీకి తిరిగివెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో హాలే నగరంలో తెలుగు మతగ్రంథాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు పుస్తకాలలో మొదటివిగా వాటినే చెబుతారు. మన భాషలో తొలి అచ్చు పుస్తకం మన గడ్డ మీద కాక జర్మనీలో పుట్టడం తెలుగు ఉపాధ్యాయులకు కూడా ఆలోచించదగిన విషయం. అయితే అది వేరే సదస్సుకు సరిపడే ముచ్చట.

రోమ్ సామ్రాజ్యంలో క్రైస్తవానికి 313లో దక్కిన స్వేచ్ఛ, 325 నాటి నైసియా మహాసభ, ఈజిప్టులోని నాగ్ హమ్మాది వద్ద 1945లో జాడీలో దొరికిన ప్రాచీన గ్రంథాలు, వీటిపై వచ్చిన పత్రాలు బాగున్నాయి. కాని అవి ఎక్కువగా పుస్తకాలలో ఉన్నదాన్ని తిరిగి చెప్పాయి. వాటిని వ్రాసినవారు నొచ్చుకోరని తెలుసు గనుక అంటున్నాను.

పెద్దవారు కూడా చేసే పని ఇదేనని పిల్లలు తెలుసుకోవాలి. ఆదిమ క్రైస్తవ రచనలపై 1951 నుండి ఆక్స్‌ఫర్డులో సుమారు నాలుగేళ్లకొకసారి పండితుల మహాసభ జరుగుతోంది. అంత దూరం పోనక్కరలేదు. భారతదేశ క్రైస్తవ చరిత్రకు సంబంధించిన బృహత్ గ్రంథమాలలో మొదటి సంపుటం, ఆది నుండి పదహారవ శతాబ్దం మధ్యభాగం వరకు నడిచే చరిత్ర, 1984లో మన బెంగళూరు నుండే వెలువడింది. దానిని వ్రాసిన ఏ. మథియాస్ ముండదన్ గారు స్వయంగా కేరళకు చెందిన కథోలిక గురువు. తోమా సంప్రదాయం ఆయనకు ఇంటి సొత్తు. అయినా ప్రతి ఆధారాన్నీ విడివిడిగా పట్టుకొని బరువు చూశారు. నమ్మకం ఉన్నవారు సాక్ష్యాన్ని తూచలేరనే అపోహకు ఆ గ్రంథాన్ని మించిన సమాధానం నాకు తెలియదు.

తోమా పత్రం వ్రాసిన మా అమ్మాయి చివరికి ఏమి చేసిందో మీరు ఉదయం విన్నారు. ఆలస్యంగా వచ్చినవారి కోసం చెబుతున్నాను. పత్రం చివర రెండు వాక్యాలు వ్రాసింది. మా అవ్వ చెప్పేది 'వచ్చాడు', నేను చదివినది 'వచ్చాడట' అని. రెంటినీ ప్రక్కప్రక్కనే ఉంచి, ఏదీ కొట్టివేయకుండా చదివి దిగిపోయింది. ఆ వాక్యాలు నేను దిద్దలేదు, వాళ్ల ఉపాధ్యాయినీ దిద్దలేదు. వాళ్ల అమ్మగారు మూడవ వరుసలో కూర్చొని విన్నారు.

పేర్లు వెనక్కు తీసుకున్న ఇద్దరు పిల్లల పత్రాలు కూడా సగం వరకు సిద్ధమై మా వద్ద ఉన్నాయి. తల్లిదండ్రులు ఎప్పుడు సమ్మతిస్తే అప్పుడు పూర్తి చేయవచ్చు, తొందర లేదు. చదివిన పత్రాలన్నీ కుట్టించి గ్రంథాలయంలో ఉంచుతున్నాము. సమాధానం దొరకని ప్రశ్నలను విడిగా ఒక కాగితం మీద వ్రాయించి గ్రంథాలయం తలుపుకు అంటించాము. మొదటి ప్రశ్న ఆ ఇద్దరు స్త్రీల పేర్లు. రెండవది, హెచ్.ఎ.ఎల్. వద్ద ఆ నాణేలు దాచినవారు మళ్ళీ వచ్చి ఎందుకు తీసుకోలేదు అన్నది. పెద్దలెవరైనా ఆ జాబితాకు తమ ప్రశ్నలు చేర్చవచ్చు.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. పాఠశాల మొదటి సంవత్సరానికి సంబంధించిన ఫొటో గాని, ఫీజు రసీదు గాని, ఉత్తరం గాని మీ ఇళ్లలో పెట్టెల అడుగున ఉంటే తీసుకురండి. నకలు తీసుకుని అసలు ప్రతిని అదే రోజు మీకు అప్పగిస్తాము. వసారా పక్షం వారికీ చింతచెట్టు పక్షం వారికీ ఒకే నియమం. ఎల్లుండి నుండి కార్యాలయం ఉదయం పది గంటలకు తెరచి ఉంటుంది.